రేకుల మేడ కూల్చడానికి కారణం

ఆ వీధిలో అందరూ దాన్ని రేకుల మేడ అనేవారు గానీ, నిజానికి అది రాతి మేడ. ఎప్పుడో పాతకాలంలో ఒక బ్యాంకు కోసం కట్టారు. వీధి వైపు లావుపాటి రాతి స్తంభాలు, పక్క సందు వైపు మనిషిని మించిన ఎత్తున్న కిటికీలు, లోపల ఒకే ఒక్క పెద్ద హాలు. బ్యాంకు దివాలా తీశాక మేడ చేతులు మారి మారి చివరికి అక్కయ్య వాళ్ళ నాన్న చేతికొచ్చింది. ఆయనకి లాడ్జి పెట్టాలని. అంత ఎత్తు హాలుతో లాడ్జివాడికేం పని? సగం ఎత్తులో అడ్డంగా కాంక్రీటు స్లాబు పోయించి ఒక అంతస్తును రెండు చేశాడు. ఆ స్లాబు సరిగ్గా కిటికీల నడుముకి తగిలింది. దాంతో కింది గదులకి కిటికీల కింది సగమూ, పై గదులకి పై సగమూ దక్కాయి. పై గదిలో దిగినవాళ్ళకి కిటికీ నేల మీదే మొదలై నడుం దాకా వచ్చి గుండ్రంగా ముగిసిపోయేది. పొద్దున్నే ఎండ తిన్నగా వాళ్ళ పాదాల మీద పడేది.

తరవాత కొన్నాళ్ళకి, వీధిలో అన్ని కొట్లూ కొత్త హంగులు చేసుకుంటుంటే, మన మేడే ముసలిదానిలా కనపడుతోందని నాన్నకి బెంగ పట్టుకుంది. స్తంభాలన్నీ కనపడకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి నీలం రంగు అల్యూమినియం రేకులు బిగించేశాడు. అప్పట్లో అదే ఫ్యాషన్. ఊళ్ళో జనం పని కట్టుకుని వచ్చి చూసి వెళ్ళారు. ఆ రేకులు వెలిసిపోయి, సొట్టలు పడి, ఏ రంగో చెప్పలేని రంగుకి వచ్చాక కూడా, వీధికి కొత్త మొహం తెచ్చింది తనేనని ఆయన పోయేదాకా చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆయన పోయాక లాడ్జి అక్కయ్య నెత్తిన పడింది. పెళ్ళయిన కొద్ది కాలానికే ఆవిడ తిరిగి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చిందని నాన్న అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తాళాలగుత్తి చేతికిచ్చి కౌంటరు దగ్గర కూర్చోమన్నాడు. అప్పట్నుంచీ అక్కడే ఉంది. తమ్ముడు అక్కా అని పిలవడం విని వీధిలో ఒకరొకరే అక్కయ్య అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా అక్కయ్యా అనే పిలుస్తారు. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత మండడానికి కూడా ఓపిక లేకపోయింది.

లాడ్జి నడపడమంటే బయటివాళ్ళకి కౌంటరు వెనక కుర్చీలో కూర్చోవడమే కనపడుతుంది. దుప్పట్లు ఉతికించడం, చిరిగినవి కుట్టించడం, మోటారు కాలిపోతే మెకానిక్కు చుట్టూ తిరగడం, తాగొచ్చినవాణ్ణి బతిమాలి గదిలోకి పంపడం, పక్కగది గురక గురించి వచ్చిన ఫిర్యాదు వినడం, ఇవన్నీ ఎవరికీ కనపడవు. వీటన్నిటికీ ఆవిడ అలవాటు పడిపోయింది గానీ, నీళ్ళకి మాత్రం అలవాటు పడలేకపోయింది. వాన పడితే నీళ్ళు రేకులకీ రాతికీ మధ్య దూరి, లోపలెక్కడెక్కడో తిరిగి, తమకి నచ్చిన చోట బయటికొచ్చేవి. ఈ ఏడు కింది గదిలోనైతే, వచ్చే ఏడు మెట్ల దగ్గర. గోడల్లో నాన్న వేయించిన గొట్టాలు ఎటుపోతున్నాయో ఆయన ఒక్కడికే తెలుసు.

ఒకరోజు పై అంతస్తులో గొట్టం పగిలింది. వసారాలో చీలమండ దాకా నీళ్ళు. పనిమనిషి రాలేదు. అక్కయ్య బకెట్టుతో తోడి తోడి, నడుం పట్టేసి, గోడకి ఆనుకుని నిలబడింది. అదే సమయానికి తమ్ముడు వచ్చాడు. అతనిది మందుల హోల్‌సేలు వ్యాపారం. మేడలో సగం వాటా అతనిది. అమ్మేద్దామని చాలాకాలంగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఒక బిల్డరు అక్కడ షాపింగ్ కాంప్లెక్సు కడతానంటున్నాడు. వచ్చినప్పుడల్లా అక్కయ్య ఏదో ఒకటి చెప్పి దాటేసేది. ఆరోజు మాత్రం అతను నోరు తెరవకముందే, "అమ్మేద్దాం రా" అంది.

తమ్ముడికి నమ్మకం కుదరలేదు. మళ్ళీ అడిగాడు. "అమ్మేద్దామన్నాను కదా, ముందు ఆ బకెట్టు ఇటివ్వు" అంది.

అమ్మేద్దామనుకోవడం తేలికే అయింది. మేడ పేరు మున్సిపల్ ఆఫీసులో పాత కట్టడాల కింద నమోదై ఉందని అప్పుడు బయటపడింది. కూల్చాలంటే పాత కట్టడాల కమిటీ అనుమతి కావాలి. సరే, కూల్చం, గొట్టాలన్నా మార్చుకుంటామంటే దానికీ అనుమతి కావాలి. అర్జీ మీద అర్జీ పెట్టి తమ్ముడు కాళ్ళరిగేలా తిరిగాడు. ఆఫీసరు మారితే మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవాలి. ఈలోపు మేడ కూలిపోనూ లేదు, బాగుపడనూ లేదు. ఎలాగూ పడగొట్టేదే కదా అని అక్కయ్య సున్నాలు వేయించడం మానేసింది. బస చేసేవాళ్ళు తగ్గిపోయారు. చివరికి సగానికి పైగా గదులకి తాళాలే వేలాడుతున్నాయి.

పై అంతస్తు చివరి గదిలో మాత్రం ప్రూఫుల మాస్టారు కదలకుండా ఉన్నాడు. ఆయన ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దేవాడు. వారం రోజులుంటానని వచ్చి వయసంతా అక్కడే గడిపేశాడు. ఆ గది పైకప్పులో, బ్యాంకు కాలంలో అలంకారానికి మలిచిన సున్నపు పువ్వు ఒకటి సరిగ్గా ఆయన మంచానికి పైన ఉంటుంది. స్లాబు వేసి నేలని ఎత్తేయడంతో మంచమెక్కి చెయ్యి చాపితే అందుతుంది. మేడ అమ్మేస్తున్నారని తెలిసి కూడా ఆయన ఏమీ మాట్లాడలేదు. అద్దె ఇచ్చేటప్పుడు మాత్రం, "వచ్చే నెల కూడా ఉండొచ్చా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఎట్టకేలకు కమిటీ కదిలింది. మేడ చూడ్డానికి నలుగురైదుగురు వచ్చారు. కమిటీకి పెద్ద ఒక రిటైరైన జడ్జి. మెట్లెక్కడం కష్టమని ఆయన కిందే కౌంటరు దగ్గర కూర్చుండిపోయాడు. వచ్చినవాళ్ళలో పాత కట్టడాల్ని కాపాడే సంఘం తరఫున ఒక ఆర్కిటెక్టు అమ్మాయి ఉంది. ఆ పిల్ల మాత్రం తాళం వేసిన గదులన్నీ తీయించి, మోకాళ్ళ మీద కూర్చుని కిటికీలు కొలిచి, ప్రూఫుల మాస్టారి అనుమతి అడిగి చెప్పులు విడిచి ఆయన మంచమెక్కింది. సున్నపు పువ్వుని వేళ్ళతో తాకి, అలాగే కాసేపు నిలబడిపోయింది. ఆ పువ్వులో ఎక్కడెక్కడ బీటలున్నాయో మాస్టారు కింద నుంచి చెబుతూ ఉంటే నవ్వింది. అంత సంతోషంగా ఆ మేడని చూసినవాళ్ళని అక్కయ్య ఈమధ్య ఎరగదు.

దిగొచ్చాక ఆ అమ్మాయి కంప్యూటరులో గీసుకొచ్చిన బొమ్మ చూపించింది. స్లాబు కోసేస్తారట. రేకులు పీకేస్తారట. కిటికీలు మళ్ళీ పూర్తిగా తెరుచుకుంటాయట. బొమ్మలో హాలు కొండంత ఎత్తున ఉంది. మంచి బట్టలు వేసుకున్న మనుషులు సామాన్లేమీ లేకుండా ఊరికే తిరుగుతున్నారు. అక్కయ్య చాలాసేపు చూసింది. బొమ్మ బాగుంది. అందులో కౌంటరు లేదు, మెట్లు లేవు, నాన్న చేసిందేదీ లేదు.

"ఇలా చేయడానికి ఎవరొస్తారమ్మా?" అని అడిగింది.

అమ్మాయి కాస్త నీళ్ళు నమిలింది. ఎవరో ఒకరు ముందుకి రావాలని, ముందు కూల్చకుండా ఆపగలిగితే తరవాత చూసుకోవచ్చని చెప్పింది. ఆ తరవాత అన్నది ఎన్నాళ్ళకో అక్కయ్యకి తెలుసు. ఆ ఎన్నాళ్ళూ బకెట్టు పట్టుకోవాల్సింది తనే అని కూడా తెలుసు. కానీ ఆ పిల్ల మొహం చూసి అనలేకపోయింది.

రేకుల వెనక అసలేం మిగిలిందో చూడకుండా ఏదీ తేల్చలేమని కమిటీ అంది. కొన్ని రేకులు విప్పి చూపించమంది. ఆ పనికి ఇద్దరు ఫిట్టర్లు వచ్చారు. మరలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే కోసి తీశారు. మొదటి రేకు ఊడగానే ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మూ, పావురాల గూళ్ళూ, ఎండుటాకులూ బుట్టలకొద్దీ రాలిపడ్డాయి. ఎదుటి కొట్లవాళ్ళంతా బయటికొచ్చి చూస్తున్నారు. ఆర్కిటెక్టు అమ్మాయి నిచ్చెనెక్కింది.

స్తంభాలు ఉన్నాయి. వాటి తలకట్టులే లేవు. ఒకప్పుడు అక్కడ ఆకులూ తీగలూ చెక్కి ఉండేవని పాత ఫోటోల్లో చూసే ఆ అమ్మాయి అన్నాళ్ళూ పోరాడింది. రేకులు బిగించే ఇనపచట్రం గోడకి చదునుగా ఆనాలని ఆ చెక్కడాలన్నీ సుత్తీ ఉలీ పెట్టి కొట్టేశారు. ఒకటీ రెండూ కాదు, విప్పిన మేరకి అన్నీ అంతే. మిగతా రేకుల సందుల్లోంచి టార్చి వేసి చూసింది. అక్కడా అంతే.

నిచ్చెన దిగి ఆ పిల్ల లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంది. జుట్టు నిండా దుమ్ము. అక్కయ్య టీ పెట్టి తెచ్చి చేతికిచ్చింది. తనూ ఒక కప్పు తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

"మీ నాన్నగారు..." అని ఆగిపోయింది ఆ అమ్మాయి.

"చెప్పమ్మా, ఫరవాలేదు."

"అంత కొట్టక్కర్లేదండీ. చట్రం నాలుగు వేళ్ళు ముందుకి జరిపి బిగిస్తే సరిపోయేది. అంతే."

అక్కయ్యకి ఆ పని జరిగిన రోజులు గుర్తున్నాయి. వీధంతా సుత్తి చప్పుడు. స్తంభాల కింద తెల్లటి రాతిముక్కలు గుట్టలుగా పడుండేవి. తనూ తమ్ముడూ వాటిని ఏరుకుని దొంతర్లు పేర్చి ఆడుకున్నారు. ఒక ముక్క మీద చక్కటి ఆకు ఉంటే దాని కోసం ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఎవరికి దక్కిందో మాత్రం గుర్తులేదు. ఈ మాటలేవీ ఆ అమ్మాయికి చెప్పలేదు. "టీ చల్లారిపోతోంది" అంది.

"నేనిక దీన్ని ఉంచమని గట్టిగా అడగలేనండీ" అంది ఆ అమ్మాయి. "అడిగితే అబద్ధమాడినట్టు అవుతుంది. ఈమధ్య వరసగా అన్నీ ఇలాగే అవుతున్నాయి. దీనిమీద చాలా ఆశ పెట్టుకున్నాను."

ఆ అలిసిన గొంతు అక్కయ్యకి బాగా తెలిసిన గొంతులా అనిపించింది. అంత చిన్న వయసులో రావాల్సిన గొంతు కాదు. ఇద్దరూ టీ తాగేశారు. బయట ఫిట్టర్లు విప్పిన రేకుల్ని గోడకి చేరేశారు.

పది పదిహేను రోజుల తరవాత తమ్ముడు పరుగులాంటి నడకతో వచ్చాడు. ఇన్నాళ్ళకి అతని మొహంలో కళ వచ్చింది. కమిటీ తన నిర్ణయాన్ని ముసాయిదాగా రాసి పంపింది. యజమానులకి అభ్యంతరం లేకపోతే వచ్చే సమావేశంలో ఖాయం చేస్తారు. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అంతా ఆఫీసు భాష. చివర్లో ఒక వాక్యం ఉంది. తరవాతి కాలంలో యజమానులు చేసిన మార్పుల వల్ల ఈ కట్టడం తన విలువను పూర్తిగా కోల్పోయినందున, దీనిని కూల్చివేయుటకు అనుమతించడమైనది.

మళ్ళీ చదివింది. మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

"ఏంటక్కా, అర్థం కాలేదా? ఒప్పేసుకున్నారు" అన్నాడు తమ్ముడు.

"అర్థమైంది" అంది.

తమ్ముడు వెళ్ళిపోయాక ఆవిడ ఆ కాగితం తీసుకుని పైకెళ్ళింది. ప్రూఫుల మాస్టారు కిటికీ ముందు నేల మీద చాప వేసుకుని కూర్చుని పనిచేసుకుంటున్నాడు. వెలుగంతా కిందే ఉంటుంది కాబట్టి ఆయనెప్పుడూ అలాగే పనిచేస్తాడు. కాగితం చేతికిచ్చి చివరి వాక్యం చూడమంది. ఆయన అలవాటు కొద్దీ పెన్సిలు తీశాడు. చదివి, పెన్సిలు కింద పెట్టేశాడు. భాషలో తప్పేమీ లేదన్నాడు.

"మరి నాకెందుకు కంపరంగా ఉంది మాస్టారూ?"

ఆయన కిటికీలోంచి సందులోకి చూశాడు. "నేను నా జీవితమంతా ఈ గదిలోనే ఉన్నాను. ఇది చదివితే నాకూ అలాగే ఉంది" అన్నాడు.

సమావేశం మున్సిపల్ ఆఫీసు పై అంతస్తులో జరిగింది. పొడుగాటి బల్ల, దానికటూ ఇటూ కుర్చీలు, మూలన తిరుగుతూ చప్పుడు చేసే ఫ్యాను. వాళ్ళ వంతు వచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉన్నారు. బిల్డరు మనిషి గోడ పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఆర్కిటెక్టు అమ్మాయి చివరి కుర్చీలో ఉంది. జడ్జి పెద్దాయన ముసాయిదా గబగబా చదివి, యజమానులకి అభ్యంతరమేమన్నా ఉందా అని మాటవరసకి అడిగాడు. తమ్ముడు లేదండీ అనబోతుండగా అక్కయ్య లేచి నిలబడింది.

"ఉందండీ" అంది.

తమ్ముడు ఆవిడ చీరకొంగు పట్టుకుని లాగాడు. పెద్దాయన తలెత్తి చూశాడు. "కూల్చడానికి మీరు ఒప్పుకోవడం లేదా?"

"ఒప్పుకోకపోవడమేంటండీ, అడుగుతున్నదే మేము. ఆ చివరి వాక్యం ఒక్కటి తీసెయ్యమంటున్నాను. మార్పుల వల్ల విలువ పోయిందన్నది."

"అది తీసేస్తే ఎలాగమ్మా? అనుమతి ఇచ్చేటప్పుడు ఏదో ఒక కారణం చూపించాలి కదా. లేకపోతే రేపు ఇంకొకరు వచ్చి నన్ను నిలదీస్తారు."

"కారణం ఉందండీ. మేం అలిసిపోయాం. అది రాయండి."

బల్ల అటువైపు ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వుని దగ్గులోకి మార్చేశారు. పెద్దాయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

అక్కయ్యకి అంతమందిలో మాట్లాడే అలవాటు లేదు. అయినా మొదలుపెట్టింది కాబట్టి ఆపలేకపోయింది. "మా నాన్న రాతిని చెడగొట్టాడంటే నేను కాదనను. ఆ అమ్మాయి నిచ్చెనెక్కి చూసింది, నేనూ చూశాను. కానీ ఆయన ఆ స్లాబు వేయించాడు కాబట్టే అది ఇన్నాళ్ళు నిలబడింది. ఖాళీగా వదిలేసుంటే ఎప్పుడో పడిపోయేది. పెద్దాసుపత్రిలో మనిషిని పెట్టుకుని నెలల తరబడి మా దగ్గర తల దాచుకున్నవాళ్ళున్నారు. ఉద్యోగం కోసం వచ్చి దొరికేదాకా ఉన్నవాళ్ళున్నారు. నేనూ అలాగే వచ్చి ఉండిపోయినదాన్నే. దాన్ని ఉంచమని నేను అడగడం లేదండీ. నాకు ఓపిక లేదు. నడుం వంగడం లేదు. పోతే పోనివ్వండి. కానీ పోయేటప్పుడు మా మీద నింద వేసి పంపిస్తే ఎలా?"

మీరన్నది అర్థమైందని పెద్దాయన అన్నాడు. అయితే యజమానులు అలిసిపోవడమన్నది నియమాల్లో ఎక్కడా కారణంగా లేదని, తనకి ఆ వీలు లేదని మెల్లగా చెప్పాడు. అప్పుడు చివరి కుర్చీలోంచి ఆర్కిటెక్టు అమ్మాయి చెయ్యెత్తింది.

"నిర్వహణ భారం అని ఒకటుంది కదండీ. యజమానులు నిర్వహించలేని పరిస్థితిలో ఉంటే అనుమతి ఇవ్వొచ్చు. మనం దాన్ని ఎక్కువగా వాడం గానీ, ఉంది."

పెద్దాయన ఆ అమ్మాయి వైపు చూశాడు. "నువ్వు మొదట్లో ఉంచాలన్నావు కదమ్మా."

"ఇప్పుడూ ఉంచాలనే ఉందండీ" అంది ఆ పిల్ల. "కానీ ఆవిడ చెప్పింది నిజం."

ఆరోజు ఏదీ తేలలేదు. భారం కింద రాయాలంటే ఇంజనీరు మళ్ళీ చూడాలి, మళ్ళీ నివేదిక రావాలి. వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. మెట్లు దిగుతూ బిల్డరు మనిషి, ఇంక ఎదురుచూడటం తన వల్ల కాదని తమ్ముడితో గట్టిగానే అన్నాడు. తమ్ముడు అతన్ని పంపించి, కారు దగ్గరికి వచ్చి తలుపు తీయకుండా నిలబడ్డాడు.

"ఒక్క వాక్యం కోసమా అక్కా? ఎవరు చదువుతారది? ఆఫీసు బీరువాలో పడుంటుంది."

"నేను చదివానుగా" అంది అక్కయ్య.

తమ్ముడు ఇంటిదాకా నోరు విప్పలేదు. ఆ తరవాత కూడా చాలా రోజులు ఫోను చేయలేదు. అతని కోపంలో న్యాయం ఉందని అక్కయ్యకి తెలుసు. మేడ చుట్టూ తిరిగి తిరిగి అతని వ్యాపారమూ కుంటుపడింది. ఎవరో గొంతు నులిమినట్టు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడని మరదలు ఒకసారి చెప్పింది. ఎందుకొచ్చిన గొడవ, వాళ్ళు రాసింది రాసినట్టు ఒప్పేసుకుందామా అని అక్కయ్య అనుకున్న పూటలున్నాయి. మళ్ళీ వాన పడింది. ఈసారి నీళ్ళు కౌంటరు వెనకనుంచి వచ్చాయి. కుర్చీ ఇవతలికి జరుపుకుని కూర్చుంది.

ఇంజనీరు వచ్చాడు. గోడల్లో చెమ్మ చూశాడు, గొట్టాలు చూశాడు, ఇదెలా నడుపుతున్నారండీ అని ముక్కు మీద వేలేసుకున్నాడు. ఆ పైన సమావేశం జరిగి ఉత్తర్వు వచ్చేసరికి ఎండాకాలం దాటింది. బిల్డరు బెదిరించాడే గానీ ఎక్కడికీ పోలేదు. అటువంటి స్థలం మళ్ళీ దొరకదని అతనికీ తెలుసు. ఉత్తర్వులో ఆ పాత వాక్యం లేదు. దాని చోట, దీర్ఘకాలం ప్రజల వాడుకలో ఉన్న ఈ కట్టడాన్ని నిర్వహించడం యజమానులకు మోయలేని భారమైనందున, అని ఉంది. అక్కయ్య దాన్ని ప్రూఫుల మాస్టారికి చూపించింది. ఆయన చదివి తలూపాడు.

"అలిసిపోయారని రాయలేదు మరి" అంది.

"భారం అన్నారు కదా. వాళ్ళ భాషలో అదే."

మాస్టారు ఆ వారమే గది వెతుక్కున్నాడు. రెండు వీధుల అవతల, ప్రెస్సుకి దగ్గర్లో. సామాను మోయించడానికి అక్కయ్య వెంట వెళ్ళింది. ఆయన దగ్గర ఇన్నేళ్ళకీ రెండు పెట్టెలూ పరుపూ పుస్తకాలూ తప్ప ఏమీ లేవు. కొత్త గదిలో కిటికీ మామూలు ఎత్తులో ఉంది. ఇల్లుగలావిడ బల్లా కుర్చీ కూడా ఇచ్చింది. మాస్టారు కుర్చీలో కూర్చుని లేచి, మళ్ళీ కూర్చుని, అలవాటు చేసుకోవాలి అన్నాడు. అక్కయ్య చీపురు అడిగి గది ఊడ్చిపెట్టి వచ్చేసింది. పై గదిలోని సున్నపు పువ్వుని ఆర్కిటెక్టు అమ్మాయి రంపంతో జాగ్రత్తగా కోయించుకుని తీసుకెళ్ళిందని తరవాత తెలిసింది. తీయడంలో రెండు ముక్కలైందట.

అక్కయ్య తమ్ముడింటికి మారింది. ఆ ఏర్పాటు చేసింది మరదలే. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోకపోతే మానె, వదినకి గది కావాలి కదా అని తనే తుడిపించి పక్క వేసింది. కూల్చడం మొదలుపెట్టే రోజు తెలిసి కూడా అక్కయ్య చూడ్డానికి వెళ్ళదలుచుకోలేదు. ఎప్పట్నుంచో వెనక పన్ను ఒకటి బాధపెడుతోంది. కౌంటరు వదిలి వెళ్ళే వీలు లేక నెట్టుకొచ్చింది. ఇప్పుడింక వంక లేదు. సరిగ్గా ఆ రోజుకే పళ్ళ డాక్టరు దగ్గర టైము తీసుకుంది.

పన్ను పీకేసి, నోట్లో దూది కుక్కి, కాసేపు కదలకుండా కూర్చోమని డాక్టరు చెప్పి వెళ్ళాడో లేదో, ఫోను మోగింది. తమ్ముడు. సమావేశం రోజు తరవాత అతనుగా ఫోను చేయడం అదే మొదటిసారి.

"ఎక్కడున్నావక్కా?"

"ఊఁ" అంది దూది మధ్యనుంచి.

"ఒకసారి రా. అర్జెంటేమీ కాదు. రా, అంతే."

వెళ్ళేసరికి వీధి సగానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. ఊడదీసిన రేకుల్ని లారీకెత్తుతున్నారు. ముందు గోడ, స్తంభాలు అప్పటికే నేలమట్టం అయ్యాయి. తమ్ముడు తాడుకి ఇవతల నిలబడి ఉన్నాడు. చొక్కా, కనుబొమలు, మీసం అన్నీ తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి ముసలివాడిలా ఉన్నాడు. ఒక క్షణం నాన్నే నిలబడ్డాడేమో అనిపించింది.

"అటు చూడు" అన్నాడు.

కూలిన రాళ్ళ వెనక నాన్న పోయించిన స్లాబు గాల్లో అడ్డంగా నిలబడి ఉంది. దాని మీద మెషిను పళ్ళు పెట్టి దబదబా కొడుతోంది. పెచ్చులు లేచి పడుతున్నాయి తప్ప స్లాబు కదలడం లేదు. కాంట్రాక్టరు మెషిను వాడి మీద అరుస్తున్నాడు. వాడు తిరిగి కాంట్రాక్టరు మీద అరుస్తున్నాడు.

"పొద్దుట్నుంచీ ఇదే తంతు" అన్నాడు తమ్ముడు. "రాయంతా పిండిలా రాలిపోయింది. ఇది మాత్రం ససేమిరా అంటోంది. ఇనుము ఇంత దట్టంగా ఎవడు వేశాడయ్యా అని కాంట్రాక్టరు నన్నడిగాడు."

"నువ్వేమన్నావు?" అని అడగబోయింది. సగం మొహం మొద్దుబారి ఉండటంతో మాట వంకరగా వచ్చింది. అది వినగానే తమ్ముడికి నవ్వొచ్చింది. అతను నవ్వేసరికి ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వబోతే పెదవి ఒకవైపే లేచి, రెండోవైపు నుంచి చొంగ కారింది. తమ్ముడు జేబురుమాలు తీసి తుడిచాడు. అదీ దుమ్ముదే. ఇద్దరూ అలా వీధిలో నిలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వుతుంటే, ఎదుటి కొట్టువాడు వీళ్ళకేమన్నా పట్టిందా అన్నట్టు చూశాడు.

నవ్వు ఆగింది. మెషిను కొడుతూనే ఉంది.

"ఆరోజు నేనలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు తమ్ముడు చివరికి.

"పోనీలేరా. నువ్వూ ఎంత తిరిగావు" అంది అక్కయ్య.

అది పడేదాకా ఉందామా అని అతను అడిగాడు. వద్దంది. నిలబడలేకపోతున్నానంది. అతను కారు తెచ్చి ఎక్కించుకున్నాడు. స్లాబు ఆ పూటా పడలేదట, మర్నాడు ఇంకో మెషిను తెప్పించి పడగొట్టారని తరవాతెవరో చెప్పారు.

ఇంటికొచ్చి అక్కయ్య మంచం మీద వాలింది. మందు మత్తు దిగుతూ దవడ సలపడం మొదలైంది. మరదలు మాత్రా మంచినీళ్ళూ తెచ్చిచ్చి, కిటికీ తెర లాగి వెళ్ళింది. వంటింట్లో గిన్నెల చప్పుడు, పక్కగదిలో తమ్ముడు ఫోనులో ఎవరితోనో మందుల సరుకు గురించి మాట్లాడటం కాసేపు వినపడింది. తరవాత ఏమీ వినపడలేదు.

మరదలు మళ్ళీ వచ్చి చూసేటప్పటికి సాయంత్రమైంది. మెల్లగా భుజం తట్టింది.

"వదినా, మెత్తగా చేసి ఉంచాను, కాస్త తిని పడుకుంటారా?"

అక్కయ్య కళ్ళు తెరవకుండానే, "ఎవరన్నా వచ్చారా?" అని అడిగింది.

"ఎవరూ రాలేదండీ."

"పిలిచారా?"

"లేదు, ఎవరూ పిలవలేదు."

"అయితే ఇంకాసేపు పడుకుంటానమ్మా" అని అటు తిరిగి, నొప్పి లేని చెంప కింద చెయ్యి పెట్టుకుంది.